పోయినను లెక్కలేని వారు

మామిడి కోతలు ముగిసిన తరువాత మా ఆగిరిపల్లి తోటలలో కొన్నాళ్ళు సద్దు ఉండదు. చిక్కములు కట్టిన గడలు పాకలో ఒక మూలకు చేరును. గుత్తదారు మనుషులు లారీలెక్కి వెళ్ళిపోవుదురు. కొమ్మచాటున మిగిలిపోయిన పండు ఎప్పుడో ఒకటి రాలిన చప్పుడు తప్ప మరేమియు వినబడదు. అట్టి ఒక మధ్యాహ్నమున, సెలవులకు మా యింటికి వచ్చిన మనుమడు పాకలోని నులకమంచముపై బోర్లపడుకొని ఒక బొమ్మల పుస్తకము చదువుచుండెను. భోజనమునకు మూడుమార్లు కబురంపినను లేవలేదు. నాలుగవమారు మేమే వెళ్ళి, అంత గొప్ప కథ యేమిటిరా అని అడిగినాము.

"వీళ్ళంతా విలన్లు తాతయ్యా. జైల్లో ఉంటారు. గవర్నమెంటు వాళ్ళని బయటికి తీసి, ఎవ్వరూ చెయ్యలేని పనులకి పంపిస్తుంది. పని చేసి బతికొస్తే శిక్ష తగ్గిస్తారు."

"బతికి రాకపోతే?"

"రాకపోతే ఏముంది? విలన్లేగా!"

ఆ కడపటి మాట మమ్ములను ఆనాడు అన్నము తిననీయలేదనిన అతిశయోక్తి యగును, తిన్నాము. కాని మరచిపోలేదు. ఈనాటి ప్రసంగమునకు అదియే కారణము.

ఆ పుస్తకము పేరు 'సూసైడ్ స్క్వాడ్'. తెలుగున ఆత్మాహుతి దళమనవచ్చును. అమెరికాలోని డీసీ సంస్థవారు ప్రకటించు బొమ్మల కథలలో ఇది యొకటి. ఈ పేరు మొదట 1959లో, 'ది బ్రేవ్ అండ్ ది బోల్డ్' అను పత్రిక 25వ సంచికలో కనబడినది. కథకుడు రాబర్ట్ కానిగర్, చిత్రకారుడు రాస్ ఆండ్రూ. అప్పటి దళములో ఖైదీలు లేరు. వింత జంతువులతోడను ఘోరవిపత్తులతోడను పోరాడు నలుగురు సాహసికులు మాత్రమే ఉండిరి. 1987లో జాన్ ఆస్ట్రాండర్ అను రచయిత ఆ పేరునే తీసికొని లోపలి సరుకంతయు మార్చివేసినాడు. ఆయన దళములోని వారు లూసియానా రాష్ట్రమున 'బెల్ రీవ్' అను కల్పిత కారాగారములో శిక్షననుభవించుచున్న దుష్టులు. గురి తప్పని తుపాకికాడు డెడ్‌షాట్, పిరికితనము, కుతంత్రము సమపాళ్ళలో కలిసిన కెప్టెన్ బూమరాంగ్, ఇట్టివారు. వారిని నడుపునది అమాండా వాలర్ అను స్త్రీ. ఆమె షికాగో నగరపు పేదవాడలో భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొని, చదువుకొని, ప్రభుత్వములో పైకి వచ్చినది. అందమైనది కాదు, బలశాలి కాదు, మంత్రతంత్రములు లేవు. కాని ఆ పుస్తకములో అందరును భయపడునది ఆమెకే. 1992లో 66వ సంచికతో ఆ వరుస ముగిసినది. తరువాత పలుమార్లు పునరుద్ధరించినారు. 2016లోను 2021లోను చలనచిత్రములుగా వచ్చినది.

ఆస్ట్రాండర్‌కు ప్రేరణ 1967 నాటి 'ది డర్టీ డజన్' అను చిత్రము. నేథన్సన్ అను రచయిత 1965లో ప్రకటించిన నవల దానికి మూలము. అందులో, రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున పండ్రెండుగురు సైనిక ఖైదీలను, కొందరు ఉరిశిక్ష పడినవారిని, జర్మను సేనాధికారులున్న భవనముపైకి పంపుదురు. నవలకు ఆధారమనబడిన పారాచూట్ దళము నిజముగా ఉండినది కాని, వారు ఖైదీలు కారు. స్నానమునకు, క్రమశిక్షణకు ఎగనామము పెట్టిన మొండిఘటములు మాత్రమే. కట్టుకథకు ఖైదీలు కావలసివచ్చినారు. ఏల కావలసివచ్చినారన్న ప్రశ్నకు సమాధానము మా మనుమడు అంతకుముందే చెప్పినాడు.

ఇట్టి కథ మనకు కొత్తయా? కాదు. అమ్మమ్మలు చెప్పిన కథలలో రాజుగారికి నచ్చనివాడెవడైన ఉన్నచో, వానిని ఏడు సముద్రముల ఆవలి పువ్వు తెమ్మని పంపుట ఆచారము. వాడు పువ్వు తెచ్చినచో రాజ్యమునకు లాభము, తేకున్నచో రాజునకు లాభము. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడు రాకుమారిని ప్రేమించిన నేరమునకు పట్టుబడి, ఐశ్వర్యము సంపాదించి తెమ్మన్న షరతుపై విడువబడినాడు. దారిలో నేపాళ మాంత్రికుని చేతిలో పడినాడు. ఆ మాంత్రికునికి కావలసినది సాహసవంతుడైన యువకుడొకడు. పని యైనపిదప వాని తల. అమాండా వాలర్‌కు ఈ మాంత్రికుడు దూరపు బంధువేమో యని మాకు తోచుచుండును. ఆ మాంత్రికుని వేషము వేసిన ఎస్. వి. రంగారావుగారు మాకు పొరుగువారనియు చెప్పుకొనవలెను. 1918లో నూజివీడులోనే జన్మించినారు. చూచువారు రామునితోపాటు మాంత్రికుని గూడ ప్రేమించినారనుట అందరెరిగిన సంగతియే. దుష్టునిపై మనస్సు పోవుట ఈ తరము పిల్లలకు క్రొత్తగా పట్టిన జబ్బు కాదని చెప్పుటకే ఈ ముచ్చట.

అయితే ఒక భేదము గలదు. మన కథలో ఏడు సముద్రములు దాటినవానికి అర్ధరాజ్యము లభించును. ఈ దళములోని వానికి లభించునది శిక్షలో కొంత తగ్గింపు. అంతకంటె పెద్ద భేదము కడియము. ఆస్ట్రాండర్ కథలో ప్రతి ఖైదీ ముంజేతికి ప్రేలుడు పదార్థముగల కడియమొకటి తొడుగుదురు. దూరము పోయినచో అది ప్రేలును. స్లిప్‌నాట్ అనువాడు పారిపోవ యత్నించి చేతిని పోగొట్టుకొనును. 2016 చిత్రములో అదే పాత్ర తలనే పోగొట్టుకొన్నది. పుస్తకమునకు చేయి చాలినది, వెండితెరకు తల కావలసివచ్చినది.

మనుమని పుస్తకములు నాలుగైదు తెప్పించుకొని చదివినాము. కొట్లాటలు మాకు రుచింపలేదు. వయస్సు దోషము కావచ్చును. కాని రచయిత ఒక పని నిజాయితీగా చేసినాడు. దళము బయలుదేరినప్పుడెల్ల ఎవరో ఒకరు తిరిగిరారేమోనన్న అనుమానము పాఠకుని వదలదు. తరచు తిరిగిరారు గూడ. 1987లో ఈ దళము మొదట కనబడిన 'లెజెండ్స్' అను కథలోనే బ్లాక్‌బస్టర్ అనువాడు చనిపోయినాడు. అతనికి శిలావిగ్రహము వేయలేదు. వేయకుండుటయే ఏర్పాటు. పని చెడినచో వీరెవరో మాకు తెలియదని ప్రభుత్వము చేతులు దులుపుకొనవచ్చును. దుర్మార్గులు మంచిపని చేయగలరా అన్నది ఈ కథలోని ప్రశ్నయని చాలమంది అనుకొందురు. మాకట్లు తోచలేదు. ఎవరి ప్రాణమునకు జమాఖర్చు వ్రాయనక్కరలేదో ముందుగా నిర్ణయించుకొనుటయే ఈ కథకు ఇరుసు. అపాయకరమైన పని ఆ తరువాత వచ్చును.

బొమ్మల కథను వదలి చరిత్రలోనికి పోయినచో ఇదంతయు కల్పన యని త్రోసివేయుటకు వీలులేదు. మొదటి ప్రపంచ సంగ్రామమున మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకులో, 1916 ఏప్రిలులో కూట్ వద్ద బ్రిటిషు సైన్యము లొంగిపోయినది. దారులు లేవు, రేవులు చాలవు, సామాను మోయుటకు మనుషులు లేరు. అప్పుడు మనదేశపు జైళ్ళవైపు దృష్టి సారించినారు. ఆ సంవత్సరమునుండి కొన్నేండ్లలో సుమారు 16,000 మంది భారతీయ ఖైదీలను జైలు శ్రామిక దళములుగా కూర్చి సముద్రము దాటించినారు. పారిశుధ్యపు పని, మోతపని, కట్టలు వేయుపని. బ్రతికి వచ్చినచో శిక్ష మాఫీ. జైలు అధికారులే దళనాయకులు. ఆ యుద్ధములో మన సిపాయిల వీరగాథలు ఎన్నియో విన్నాము. బస్రా రేవులో గోతాములు మోసిన ఖైదీని గూర్చి ఒక్క పాటయైనను మేము వినలేదు.

1942 జులైలో స్టాలిన్ 227వ సంఖ్యగల ఆజ్ఞ జారీ చేసినాడు. దానిననుసరించి సోవియట్ సైన్యములో శిక్షాదళములు ఏర్పడినవి. యుద్ధము ముగియులోపల నాలుగు లక్షలమందికి పైగా వాటిలో పనిచేసినారు. గాయపడినవాడు అపరాధమును నెత్తుటితో కడిగికొన్నట్లు లెక్క; తిరిగి మామూలు దళమునకు పోవచ్చును. అనగా, విమోచనమునకు దారి తుపాకి గుండు.

ఇవి పాతకాలపు సంగతులనుకొందుమా? 2022లో రష్యాలోని వాగ్నర్ అను ప్రైవేటు సైన్యము వారు జైళ్ళకు వెళ్ళి, ఆరునెలలు ఉక్రెయిన్‌లో పోరాడి బ్రతికినవారికి క్షమాభిక్ష యని ప్రకటించినారు. పారిపోయినవానికి మరణమనియు చెప్పినారు. ఆ సైన్యమునకు అధిపతియైన ప్రిగోజిన్ తాను గూడ యౌవనమున సంవత్సరములకొలది జైలులో గడపినవాడే. యాభైవేలమంది ఖైదీలను చేర్చుకొంటిననియు, అందులో ఐదవవంతు మరణించినారనియు 2023 మే నెలలో ఆయనయే నోరారా చెప్పినాడు. పదివేలు! ఆ సంవత్సరమే ఆగస్టులో విమాన ప్రమాదమున ఆయనయు మరణించినాడు. 2024 మే నెలలో ఉక్రెయిన్ గూడ కొన్ని తరగతుల ఖైదీలను సైన్యములో చేర్చుకొనుటకు చట్టము చేసినది. ఆస్ట్రాండర్ కథలోని కడియము మాత్రమే లేదు, తక్కినదంతయు ఉన్నది.

వారు ఇష్టపడియే పోయినారు కదా యని అనువారున్నారు. నిజమే. కాని తలుపు బయటినుండి గడియవేసియున్న గదిలో కూర్చున్న మనిషి "సరే" యనినప్పుడు, ఆ మాటలో ఇష్టము పాలెంత, గడియ పాలెంత? ఈ విషయమున మేము మొండిగా ఒక పక్షము వహింపలేము. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఖైదీలకు అగ్నిమాపక శిక్షణ యిచ్చి, అడవులు తగులబడినప్పుడు పంపుట ఎన్నో దశాబ్దములుగా ఉన్నది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరమును మంటలు చుట్టుముట్టినప్పుడు ఇంచుమించు వేయిమంది ఖైదీలు అక్కడ పనిచేసినారు. అప్పటి కూలి దినమునకు ఆరు మొదలు పది డాలర్ల వరకు, పైన ఆపత్సమయమున గంటకొక డాలరు. జైలు గోడలనడుమ కూర్చుండుటకంటె ఆ పనిలో మనిషిగా బ్రతికితిమని చెప్పినవారు వారిలో ఎందరో గలరు. ఆ మాటను మనము కొట్టివేయరాదు. అయితే విడుదలైన పిదప అదే ఉద్యోగములో చేరబోయినచో, నేరచరిత్ర అడ్డువచ్చెడిది. 2020లో చట్టము మార్చిన తరువాతనే కొంత దారి దొరకినది. మంటలలోనికి పోవుటకు అడ్డురాని నేరము జీతపు పట్టీలో పేరెక్కుటకు మాత్రము అడ్డువచ్చినది.

కడియము మాట వచ్చినది గనుక, మన విశాఖపట్టణము సంగతి చెప్పవలెను. అక్కడి కేంద్ర కారాగారములోని నక్సలైటు ఖైదీలు కొందరు సుప్రీంకోర్టునకు పోయినారు. జైలుగోడపై ప్రభుత్వమువారు అధికశక్తిగల విద్యుత్తీగ పరచినారు, ముట్టుకొన్నవాడు మరణించును. దాటిపోయినవాని ప్రాణము తీయు యంత్రమే, చేతికి బదులు గోడకు తొడిగినారన్నమాట. భువనమోహన్ పట్నాయక్ వ్యాజ్యమని పేరొందిన ఆ అభియోగముపై 1974లో తీర్పు వచ్చినది. ఖైదీలు కోరినవన్నియు న్యాయస్థానము ఒప్పుకొనలేదు. కాని శిక్ష పడినంత మాత్రమున మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటిని పోగొట్టుకొనడనియు, అట్టి తీగ పరచుటకు ప్రభుత్వము ఏ చట్టాధికారమును చూపలేకపోయినదనియు, చట్టబలము లేనిచో దానిని తొలగింపవలసినదేననియు చెప్పినది. బెల్ రీవ్ జైలులో అట్టి వ్యాజ్యమెవరును వేయలేదు. వేసియున్నచో కథ మూడవ సంచికలోనే ముగిసిపోయెడిది.

ఖైదీని వెలుపలికి తెచ్చుటకు మరొక దారియు మన దేశమున ప్రయత్నించినారు. ఔంధ్ సంస్థానములో జరిగిన ప్రయోగము ఆధారముగా శాంతారాం 1957లో తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్' చిత్రములో ఆరుగురు హంతకులు చేను దున్నుదురు. అనంతపురమువద్ద 1965లో నెలకొల్పిన ఆరుబయలు జైలులోను పని సేద్యమే. గోడ లేదు, సంకెల లేదు. దీనిలో సాహసము లేదు గనుక బొమ్మల పుస్తకము కాజాలదు.

ఇక మా తోటలోని బావి సంగతి. ఇది చెప్పుటకు ఇంతసేపు జాగు చేయుటకు కారణము జంకు తప్ప మరేమియు కాదు.

చాల యేండ్ల క్రిందట, జైలునుండి విడుదలై వచ్చిన మనిషి యొకడు మా తోటకు కాపలాదారుగా చేరినాడు. గట్టు తగాదాలో జరిగిన కొట్లాటలో ఒక ప్రాణము పోయినది. ఆ నేరమునకు అతడు శిక్ష అనుభవించినాడు. ఊరివారు అతనిని పనికి పిలుచుటకు జంకెడివారు. మేము పిలిచినాము. మా ఔదార్యమును గూర్చి మాకు మేము చాల సంతోషించినాము. రాత్రివేళ దొంగలను తరుముట అతని పని. పాము కనబడినచో అతనిని పిలిచెడివారము. పెద్దరసాల చెట్టు చిటారుకొమ్మన, కాలు పెట్టినచో విరుగునని అందరికి తెలిసినచోట, కాయ మిగిలినచో అతనినే ఎక్కించెడివారము. "వాడికేం, మొండి ప్రాణం" అని కూలీలు నవ్వెడివారు. మేమును నవ్వినాము.

ఒక వేసవిలో పాతబావి పూడిక తీయింపవలసివచ్చినది. ఏండ్లతరబడి వాడని బావి. ఇట్టి బావులలో అడుగున చెడుగాలి, బొగ్గుపులుసు గాలి, నిలిచియుండుట కద్దు. ముందుగా త్రాటికి లాంతరు కట్టి దింపుదురు. ఆరిపోయినచో మనిషి దిగరాదు. మా ప్రాంతమున పసిపిల్లలకు గూడ తెలిసిన సంగతి యిది. ఆ ఉదయము లాంతరు పాకలోనే ఉన్నది. నూనె పోయవలసియున్నది. ఎండ ముదురుచున్నది. ఎవరో "దీపం దింపి చూద్దామండి" అన్నారు. మరెవరో, "వాడు దిగుతున్నాడు లెండి" అన్నారు. ఆ రెండవ మాట అన్నది మేమా, మరొకరా అని ఇన్నేండ్లుగా మమ్ములను మేము అడుగుకొనుచున్నాము. అన్నవారెవరైనను, వలదని అనగలవారము మేమొక్కరమే, అనలేదు.

నడుముకు త్రాడు కట్టుకొనుమని అతనికెవరును చెప్పలేదు. తానే కట్టుకొన్నాడు. అది అతనిని కాపాడినది. సగము దూరము దిగి, ఏదో అనబోయి, గోడకు చేరగిలబడినాడు. నలుగురు కలిసి పైకి లాగినారు. వేపచెట్టు క్రింద పడుకొనబెట్టి, నీళ్ళు చల్లి, విసరగా విసరగా చాలసేపటికి కనులు తెరచినాడు. సాయంత్రమునకు లేచి కూర్చున్నాడు. మేము దగ్గరకు పోయి ఏదో పరామర్శ చేసినాము. అతడు మాపై కోపగించలేదు. పాకవైపు చూచి ఒక్కమాట అడిగినాడు:

"లాంతరులో నూనె ఎంత పట్టేదండి?"

మేము మాటాడలేదు. నాలుగుదినములైన తరువాత అతడు జీతము లెక్క చూపించుకొని వెళ్ళిపోయినాడు.

ఈ సంగతి మనుమనికి చెప్పినాము. వాడు పుస్తకము మూసినాడు. కాసేపటికి, "మరి ఆ బావి ఎవరు బాగుచేశారు తాతయ్యా?" అని అడిగినాడు.

పొరుగూరినుండి నలుగురు కూలీలను పిలిపించినాము. వారు దిగుటకుముందు లాంతరు దింపినారు. రెండుమార్లు ఆరినది. వేపమండల మోపులు త్రాటికి కట్టి దింపి లేపుచు గాలి ఆడించినారు. మూడవమారు నీటిదాక వెలుగుచునే పోయినది. కూలి రెండింతలడిగినారు. ఇచ్చినాము.